స్వహస్తాలతో అరుణాదేవి

మన దేశ చరిత్ర రాసేవాళ్లు పంచవర్ష ప్రణాళికల గురించి రాస్తారు, ఆనకట్టల గురించి రాస్తారు. వికారాబాదు తాలూకాలో ఆఫీసర్ల భార్యలు గ్రీటింగ్ కార్డులు కొనడం మానేసిన సంగతి మాత్రం ఒక్కరంటే ఒక్కరూ రాయలేదు! ఎంత అన్యాయం! జాతి పునర్నిర్మాణంలో అంతటి ఘట్టం ఇంకోటి లేదని తహసీల్దారుగారి భార్య అరుణాదేవి నమ్మకం. ఆ నమ్మకం కలిగించింది కలెక్టరమ్మ.

కలెక్టరమ్మ అంటే హైదరాబాదులో ఉండే కలెక్టరుగారి భార్య. ఆమెకు సొంత పేరంటూ ఒకటి ఉండే ఉంటుంది గాని, వికారాబాదులో దాన్ని పలికే ధైర్యం ఎవరికీ లేకపోయింది. 1959 చివర్లో ఆమె మహిళా మండలి ప్రారంభోత్సవానికి వచ్చి, "కొన్న కార్డులో కాగితమే ఉంటుందండీ. మన చేతులతో చేసిన కార్డులో మన మనసుంటుంది" అని సెలవిచ్చింది. అంతే! ఆమె సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది, వికారాబాదులో మనసుల తయారీ మొదలైంది.

అరుణాదేవి ఏ పనినీ సగంలో వదిలేసే మనిషి కాదు. అసలు మొదలుపెట్టే మనిషే కాదు. పుట్టింట్లో మంచినీళ్లు కూడా ఎవరో ముంచి ఇస్తేనే తాగింది. అలాంటిది కొత్త సంవత్సరం ఇంకా పదిహేను రోజులుందనగా కొంగు బిగించి కూర్చుంది. తహసీలు ఆఫీసు నుంచి ఊదారంగు ఇంకు బుడ్డి తెప్పించింది. ఆలుగడ్డను రెండు చెక్కలు చేసి, ఒకదాని మీద నెమలిని చెక్కింది. నెమలి అని ఆమె చెప్పబట్టి సరిపోయింది గాని, చూసినవాళ్లకు అది ఇంకా ఆలుగడ్డలాగే ఉంది. అద్దితే ముద్ద, ఎత్తితే మరక. మధ్యలో ఆకు ఆకారం కత్తిరించబోతే అట్ట నిలువునా రెండైంది. భోజనానికి వచ్చిన తహసీల్దారు రాజేందర్, భార్య చేతులు మోచేతుల దాకా ఊదారంగులో ఉండటం చూసి నిలబడిపోయాడు.

"ఎవల వేలిముద్రలు తీస్తున్నవు అరుణా?" అన్నాడు.

ఆమె ఆ పూట అన్నం తినలేదు. నిజంగానే ఏడుపొచ్చింది. ముప్పై ఏళ్లు దాటిన మనిషి, ఒక ఆలుగడ్డ చేతిలో ఓడిపోవడం చిన్న విషయమా!

అప్పుడొచ్చింది పాలు పోసే కాశమ్మ. గొర్లు కాసే ఇంటి మనిషి. మొగుడు బిచ్చయ్య మందను తోలుకుని కొడంగల్ దిక్కు బీళ్ల వెంట తిరుగుతుంటే, ఆమె రెండు బర్రెలతో వికారాబాదులో కాపురం నెట్టుకొస్తోంది. పాలచెంబు కింద పెట్టి, నేల మీద పరిచిన కార్డుల శవాలను ఒక్కొక్కటే చూసింది.

"ఏందమ్మా గిది? ముద్రలు ఏస్తున్నరా, ఇంకు కళ్లాపి జల్లుతున్నరా?"

"కార్డులే కాశమ్మా. కలెక్టరమ్మకు పంపాలె. ఒక్కటన్న కుదురుత లేదు."

"ఇంకుల ముంచద్దమ్మా. బట్ట మీద ఇంకు వోసి, గా బట్ట మీద ముద్ర అద్దాలె. అంటీ అంటనట్టు ఉండాలె. జర జరగున్రి, నేను జూపిస్త."

చూపించింది. ఆలుగడ్డ ఆలుగడ్డే అయినా మరక మాత్రం పడలేదు. అరుణాదేవి నోరు తెరిచింది. సంగతేమిటంటే కాశమ్మ పుట్టింది తాండూరు పక్కన. పెళ్లికి ముందు నాలుగేళ్లు తాండూరు బజారులో కందిపప్పు బస్తాల మీద వ్యాపారుల గుర్తులు అద్దింది. గరుకు గోనె మీదే చెదరకుండా ముద్రలు వేసిన చెయ్యికి నున్నటి అట్ట ఒక లెక్కా!

మరుసటి ఆదివారం ఆమె రైలెక్కి తాండూరు పోయి, బస్తాల అక్షరాలకు రేకులు కోసే ఎల్లప్ప దగ్గర రెండు అచ్చులు చేయించుకొచ్చింది. పదునైన రేకును ఆకులాగా, పువ్వులాగా వంచిన అచ్చులు. అట్ట కింద చెక్క పెట్టి, అట్ట మీద అచ్చు నిలబెట్టి, సుత్తితో ఒక్క దెబ్బ కొడితే ఆకు ఊడి కింద పడుతుంది, అట్టలో ఆకంత కిటికీ మిగులుతుంది. వెనక ఎర్ర కాగితం అంటిస్తే కిటికీలోంచి ఎర్రగా తొంగి చూస్తుంది. అరిగిన టైరు చెప్పు అడుగు కోసి, దాని మీద నెమలిని చెక్కింది. ఈ నెమలికి ముక్కు ఉంది, కాళ్లు ఉన్నాయి, పించం కూడా ఉంది!

అరుణాదేవి మాత్రం ఊరికే కూర్చుందా? ప్రతి కార్డు వెనకా "స్వహస్తాలతో, అరుణాదేవి" అని రాసింది. ఆ రెండు మాటలూ అచ్చంగా ఆమె స్వహస్తాలతోనే రాసింది. ఎవరూ కాదనలేరు.

కార్డు పంపిన వారం తిరగకముందే కలెక్టరమ్మ జవాబొచ్చింది. "మీ కార్డును మా ముందుగదిలో పెట్టుకున్నాను. వచ్చినవాళ్లందరికీ చూపిస్తున్నాను. మీ చేతుల్లో సరస్వతి ఉందండీ." అరుణాదేవి ఆ ఉత్తరం చదివి సిగ్గుపడింది. కాశమ్మకు చెబుదామా అనుకుంది. ఆ సిగ్గు మధ్యాహ్నం దాకా గట్టిగానే ఉంది. సాయంత్రం మహిళా మండలిలో అందరూ చుట్టూ చేరి, "ఎట్ల చేసినవు వదినా?" అని అడిగేసరికి కరిగిపోయింది.

"ఓపిక ఉండాలె" అంది.

ఇక ఉగాదికి కార్డులు, ఆగస్టు పదిహేనుకు కార్డులు, దసరాకు కార్డులు. కాశమ్మ పాలు పోసి కూర్చునేది, చీకటి పడకముందే లేచి వెళ్లేది. పైసా అడగలేదు. అడిగింది ఒక్కటే.

"అమ్మా, అనంతగిరి మీద మందను మేపుకునేటందుకు పాస్ కావాలె. అర్జీ పెట్టినం. జర సారుకు చెప్పున్రి."

ఆ అర్జీ కథ వింటే ఎవరికైనా ప్రభుత్వం మీద గౌరవం పెరుగుతుంది. తహసీలు ఆఫీసు దాని మీద, "అడవి మాది కాదు, ఫారెస్టువారిని అడగవలెను" అని రాసింది. ఫారెస్టు ఆఫీసు, "గొర్రెలు మావి కావు, తాలూకావారు అభ్యంతరం లేదని రాయవలెను" అని రాసింది. రెండు ఆఫీసులూ ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో ఒక రోడ్డు. ఆ రోడ్డు దాటడానికి ఫైలుకు మూడు నెలలు పట్టేది. గొర్రెలైతే ఒక్క నిమిషంలో దాటేవి.

అరుణాదేవి నిజంగానే మొగుడితో చెప్పింది. రాజేందర్ మంచివాడు. "గింతే గద! రేపే రాసి పంపుత" అన్నాడు.

అప్పుడు అరుణాదేవికి ఒక సందేహం వచ్చింది. పాస్ వస్తే కాశమ్మ బర్రెలను ఎవరికో అప్పజెప్పి, మొగుడితో కలిసి కొండెక్కుతుంది. ఎక్కితే ఆరేడు నెలలు చేతికి దొరకదు. మరి దీపావళి కార్డుల సంగతి?

"ఆగున్రి" అంది. "దీపావళి దాటనియ్యిన్రి."

దీపావళి దాటింది, కొత్త సంవత్సరం వచ్చింది. కొత్త సంవత్సరం దాటింది, ఇంకేదో వచ్చింది. పండుగ లేని నెల మన దేశంలో ఎక్కడుంది చెప్పండి! రాజేందర్ ఫైలు మీద "పరిశీలనలో ఉన్నది" అని ముద్ర కొట్టించి బల్ల సొరుగులో పెట్టాడు. అది భార్య పరిశీలన అని మాత్రం రాయలేదు.

ఇంతలో ఇంకో ఉపద్రవం. ఫారెస్టు రేంజరు బాల్‌రాజ్ భార్య ఇంద్రమ్మ కూడా కలెక్టరమ్మకు చేతి కార్డులు పంపడం మొదలుపెట్టింది. అవే ఆకులు, అవే కిటికీలు, నెమలి బదులు జింక. అరుణాదేవి పాలచెంబు దగ్గరే కాశమ్మను పట్టుకుంది.

"నువ్వు ఇంద్రమ్మకు గూడ చేస్తున్నవా?"

"చేస్తున్ననమ్మా."

"ఎందుకే?"

"పాస్ మీద ఇద్దరు సార్ల సంతకాలు గావాలె గద. మీకొక్కలకే చేస్తె ఒక్క సంతకమే అయితది."

అరుణాదేవి పాలు తీసుకుని లోపలికి వెళ్లింది. పోనీ ఇంద్రమ్మతో పోట్లాడదామంటే, ఏమని పోట్లాడాలి? నా చేతులతో నువ్వెందుకు చేయించుకుంటున్నావని అడగాలా! పైగా ఇంద్రమ్మ కూడా వాళ్లాయనతో, "పండుగ దాటనియ్యిన్రి" అని చెప్పిందని ఆమెకు తెలియదు. గొప్పవాళ్ల ఆలోచనలు ఒకేలా ఉంటాయి.

1961 ఫిబ్రవరి మొదట్లో పిడుగు పడింది. కలెక్టరమ్మ నుంచి ఉత్తరం. "వచ్చే శుక్రవారం వికారాబాదు వస్తున్నాను. మీరూ ఇంద్రమ్మగారూ కార్డు ఎలా తయారుచేస్తారో నా కళ్లారా చూడాలని ఉంది. మండలి సభ్యులందరినీ పిలవండి."

అరుణాదేవికి జ్వరం వచ్చింది. నిజమైన జ్వరం. దాన్ని సాకుగా చెప్పేదే, కాని జ్వరం తగ్గేదాకా ఊళ్లోనే ఉంటానని కలెక్టరమ్మ అంటే? ఇంద్రమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది. జింక కార్డుల నాటి నుంచి మాటల్లేని ఇద్దరూ ఒకే మంచం మీద కూర్చుని ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. ఆ నాలుగు చేతుల్లోనూ కార్డు చేయడం వచ్చిన చెయ్యి ఒక్కటీ లేదు.

"గోషా!" అని ఉన్నట్టుండి లేచింది అరుణాదేవి.

"గోషా ఏంది?"

"మనయి పాత ఖాందాన్లు ఇంద్రమ్మా. మన ఇండ్లల్ల ఆడోళ్లు పదిమంది ముంగట కూసోని పని చేస్తరా? పరద ఎనుక చేస్తరు. పరద ఎనుక ఎవరుంటరో ఎవరికెరుక!"

రాజేందర్ ఈ ఏర్పాటు విని బిత్తరపోయాడు. "మొన్న పంద్రాగస్టు నాడు గోషాను తగలవెట్టాలని ఉపన్యాసం ఇచ్చింది నువ్వే గద అరుణా!"

"ఊరందరి గోషా తగలవెట్టాలన్న. మన గోషా మన ఇష్టం."

శుక్రవారం పాఠశాల హాలు నిండిపోయింది. నాటకాలకు వాడే పాత మఖ్మల్ తెరను వేదిక మీద అడ్డంగా కట్టారు. తెర ముందు కుర్చీల్లో కలెక్టరమ్మ, ఒక పక్క తహసీల్దారు, ఇంకో పక్క రేంజరు. తెర వెనక రెండు ఎత్తు పీటల మీద ఇద్దరు కళాకారిణులు. మధ్యలో నేల మీద, వెనక తలుపు నుంచి వచ్చి కూర్చున్న కాశమ్మ.

"ఎంత సంప్రదాయమండీ!" అంది కలెక్టరమ్మ తెరను చూసి. "ఇలాంటివి మా వైపు పోయాయి. ఊఁ, కానివ్వండి."

కాని కాలేదు. కాశమ్మ అట్టలు సర్దింది, ఇంకు బట్ట సర్దింది, అచ్చులు వరసగా పెట్టింది. తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"కానియ్యే కాశమ్మా!" అని గుసగుసలాడింది అరుణాదేవి.

"పాస్ అమ్మా" అంది కాశమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, బెదిరింపూ లేదు. అలిసిపోయిన గొంతు. "కొడంగల్ దిక్కు గడ్డిపోస గూడ లేదు. మొన్న ఆరు గొర్రెపిల్లలు సచ్చినయ్. కొండెక్కకుంటె మందను అమ్ముకునుడే అని బిచ్చయ్య కబురంపిండు. మా తాతల నాటి మందమ్మా గది. పద్నాలుగు నెలల సంది మీరు అడిగినయన్ని చేసిన. ఎన్నడన్న కాదన్ననా? ఇయ్యాల నా చెయ్యి లేస్తలేదు."

ఇంద్రమ్మ తల దించుకుంది. అరుణాదేవికి బయట కలెక్టరమ్మ ఉన్న సంగతే గుర్తులేదు. దీపావళి దాటనిమ్మన్నది ఎవరు? తనే. ఆ ఆరు పిల్లలూ తన నెమలి కార్డుల కోసం చచ్చిపోయాయి. ఇంత పాపం తన చేతులతోనే చేసిందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఈ ఒక్క పనికి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది.

తెర కింద నుంచి ఒక చెయ్యి బయటికొచ్చి తహసీల్దారుగారి ప్యాంటు అంచు పట్టుకుని లాగింది. ఆయన ఉలిక్కిపడి, జారిన కండువా తీసుకుంటున్నట్టు వంగాడు.

"సొరుగుల ఫైలు తెప్పియ్యిన్రి. ముద్ర గూడ. ఇప్పుడే!"

"ఇప్పుడా? పండుగ..."

"ఏ పండుగ లేదు! తెప్పియ్యిన్రి!"

నౌకరు ఏసుదాసు పరుగుతీశాడు. యాభై ఐదేళ్ల మనిషి, ఉద్యోగంలో చేరాక అంత వేగంగా నడవడం అదే మొదలు.

"ఏమిటండీ ఆలస్యం?" అంది కలెక్టరమ్మ.

రాజేందర్ లేచి చేతులు కట్టుకున్నాడు. "అమ్మా, పని మొదలువెట్టాలంటే ఒక ముఖ్యమైన కాగితం కావాల్నట. మా ఆఫీసుల ఉన్నది. తెప్పిస్తున్నం."

"ఏ కాగితం పడితే ఆ కాగితం మీద చెయ్యరన్నమాట! అదీ కళాకారుల నిష్ఠ!" అని కలెక్టరమ్మ చప్పట్లు కొట్టింది. హాలంతా కొట్టింది.

ఫైలొచ్చింది. ఒళ్లో పెట్టుకుని రాజేందర్ అభ్యంతరం లేదని రాసి, అందులోని పాస్ మీద సంతకం పెట్టాడు. ఫైలు తెర కింద నుంచి లోపలికి పోయింది. అరుణాదేవి ఇంద్రమ్మకిచ్చింది. ఇంద్రమ్మ తన వైపు తెర కింద నుంచి బయటికి తోసింది. రేంజరు బాల్‌రాజ్ దాన్ని చూసి, "గిది మా ఆఫీసుకు జవాను తేవాలె గద..." అని మొదలుపెట్టేలోగా లోపలి నుంచి ఆయన కాలి మీద ఒక గిల్లుడు పడింది. సంతకం పడింది. రోడ్డు దాటడానికే మూడు నెలలు పట్టే ఫైలు నాలుగు నిమిషాల్లో రెండు ఆఫీసులూ దాటి కాశమ్మ ముందు వాలింది!

ఇక ముద్ర, అదీ తెర కింద నుంచే లోపలికొచ్చింది. అరుణాదేవి దాన్ని ఇంద్రమ్మకిచ్చింది, ఇంద్రమ్మ తిరిగి అరుణాదేవికిచ్చింది. చివరికి ఆఫీసు ముద్రను కాశమ్మే తీసుకుంది. బట్ట మీద అద్దింది, అంటీ అంటనట్టు, పాస్ మీద తనే వేసుకుంది. తాలూకా ముద్రలో మరకే కాదు, అక్షరాలు కూడా ఉంటాయని అరుణాదేవికి ఆ రోజే తెలిసింది.

అప్పుడు లేచింది కాశమ్మ చెయ్యి! తెర వెనక సుత్తి టకటకమంది. పది నిమిషాల్లో మూడు కార్డులు బయటికొచ్చాయి. నెమళ్లు, జింకలు, కిటికీల్లోంచి ఎర్రటి పూలు. కలెక్టరమ్మ కళ్లు చెమర్చాయి.

"ఆ చేతులను ఒకసారి చూడనివ్వండి!" అంది.

కళాకారిణులిద్దరూ బయటికొచ్చారు. ముందుచూపుతో వేళ్లను ఇంకులో ముంచుకునే వచ్చారు. కలెక్టరమ్మ ఆ ఊదారంగు చేతులను పైకెత్తి సభకు చూపించింది. "ఇవీ చేతులంటే! ఈ మరకలు దేశానికి అలంకారం!" అంది. ఇద్దరికీ శాలువాలు కప్పింది. అరుణాదేవి శాలువా కింద చెమటలు కక్కుతూ వెనక తలుపు వైపు చూసింది. తలుపు తెరిచి ఉంది. పీటల మధ్య ఇంకు బట్టా, అచ్చులూ, సుత్తీ శుభ్రంగా సర్ది ఉన్నాయి. కాశమ్మ పాస్‌ను బొడ్లో దోపుకుని కొడంగల్ బస్సుకు వెళ్లిపోయింది.

ఉగాది వచ్చింది. కలెక్టరమ్మ కార్డు కోసం ఎదురుచూస్తానని ముందే రాసింది. కాశమ్మ అనంతగిరి మీదుంది. కావాలంటే జీపు పంపించి పిలిపించుకోవచ్చని రాజేందర్ అన్నాడు.

"అద్దు" అంది అరుణాదేవి. "నేనే చేస్త."

ఏసుదాసు చేత మామిడి రెమ్మ తెప్పించి ముందు పెట్టుకుంది. చెప్పు ముక్క మీద ఆకు చెక్కింది. వేలు తెగింది, గుడ్డ చుట్టుకుని మళ్లీ చెక్కింది. సుత్తి దెబ్బ ఎక్కువై అచ్చు వంగింది, తక్కువై అట్ట ఊడలేదు. పదకొండు అట్టలు పొయ్యిలోకి పోయాయి. పన్నెండోది నిలబడింది. ఆకు కొంచెం పక్కకు వాలింది, ఒక అంచున ఇంకు చిక్కబడింది, కాని అది ఆకు. రాజేందర్ చూసి, చెప్పకుండానే, "మామిడాకా? మంచిగనే ఉన్నదే!" అన్నాడు. ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, శాలువా కప్పిన రోజు అందులో వీసమెత్తు లేదు. వెనక "స్వహస్తాలతో" అని రాస్తుంటే మొదటిసారి ఆ మాట బరువనిపించింది. ఇంద్రమ్మ మాత్రం అంత కష్టం పెట్టుకోలేదు. హైదరాబాదు ఆబిడ్స్‌లో అచ్చు కార్డొకటి కొని, వెనక ధర గీకేసి, సంతకం పెట్టి పంపింది.

పది రోజులకు జవాబొచ్చింది. అరుణాదేవి దాన్ని మూడుసార్లు చదివింది.

"అరుణాదేవిగారికి, మీ ఉగాది కార్డు అందింది. మనలో మాట, ఈసారి పనిమనిషి చేత చేయించారు కదూ! చూడగానే తెలిసిపోయిందండీ. మీ చెయ్యి నాకు తెలియనిదా? వచ్చే పండుగకైనా శ్రమ అనుకోకుండా స్వయంగా చెయ్యండి. స్వయంగా చేస్తే ఎలా ఉంటుందో ఇంద్రమ్మగారి కార్డు చూసి నేర్చుకోవచ్చు."

ఆ వారం సంతకు కొండ దిగిన కాశమ్మ, వెన్నముద్ద ఆకులో చుట్టుకుని వచ్చింది. ఎండకు నల్లబడింది గాని మొహం తేటగా ఉంది. మంద కోలుకుందట, రెండు కొత్త పిల్లలట. అరుణాదేవి ఒళ్లో ఉత్తరాన్నీ, వేలికున్న గుడ్డనూ చూసింది.

"మీరే చేసిన్రా అమ్మా కార్డు?" అంది సంబరంగా. "ఏం రాసింది కలెక్టరమ్మ? మీ చెయ్యి గుర్తువట్టిందా?"

"పట్టిందే కాశమ్మా" అంది అరుణాదేవి. "గిది నా చెయ్యి కాదంట. నా చెయ్యంటే నీదేనంట!"